రెండో మనిషి

గూడ్సు రైలుకు గార్డుగా ముప్పయ్యొక్క ఏళ్ళు పనిచేసిన మనిషికి ఒంటరితనం గురించి ఒకరు పాఠం చెప్పనక్కర్లేదు. ఇంజను ఎక్కడో అరకిలోమీటరు ముందుంటుంది. అందులో ఇద్దరుంటారు, కబుర్లు చెప్పుకుంటారు, పోట్లాడుకుంటారు, క్యారేజీ విప్పి పంచుకుంటారు. ఆఖరి పెట్టెలో గార్డు ఒక్కడే. సిగ్నలు పడక ఏ బీడు మధ్యో రైలు నాలుగు గంటలు నిలబడిపోతే ఆ నాలుగు గంటలూ ఆయనతో మాట్లాడే దిక్కు ఉండదు. అయినా ఉద్యోగం చేసినన్నాళ్ళూ తాను ఒంటరివాణ్ణన్న ఊహే ఆయనకు రాలేదు. ఎన్ని గంటలు ఆలస్యమైనా, ఇంటికి పోతే తలుపు తీసి "ఇదేనా రావడం? నీ రైలు కంటే నత్త నయంరా" అనే అక్క ఉండేది మరి.

పెళ్ళి కాలేదా అంటే అయింది. రెండేళ్ళు గడిచాక భార్య ఒకరోజు "నేను కట్టుకున్నది నిన్నా, నీ డ్యూటీ చార్టునా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆ మరుసటి ఏడే భర్త పోయిన అక్క, పదేళ్ళ కూతురితో ఆ రెండు గదుల ఇంటికి వచ్చింది. మేనకోడలు అక్కడే పెరిగింది, చదువుకుంది, పెళ్ళయి వేరే ఊరు వెళ్ళింది. అక్కాతమ్ముళ్ళిద్దరూ మిగిలారు. పొద్దున్నే పేపరు కోసం పోట్లాట, రాత్రి ఫ్యాను ఎంతలో పెట్టాలని పోట్లాట. అలా ఇంకో ఇరవై ఏళ్ళు పోతుందనుకున్నాడు. కాస్త నలతగా ఉందని పడుకున్న అక్క మూడో రోజు లేవలేదు.

ఆయన ఏడవలేదు. చుట్టాలు వచ్చి "గుండె రాయి చేసుకున్నాడు" అన్నారు. ఆయన చేసుకున్నదేమీ లేదు. ఏం చేయాలో తోచక ఊరుకున్నాడంతే.

ఎనిమిది నెలల తర్వాత మేనకోడలు ఫోన్లో అడిగింది. "మామయ్యా, అమ్మ అద్దం నాకిస్తావా?"

అది నిలువుటద్దం. గోడకు ఆనించి ఉండేది. పదకొండేళ్ళ కిందట మంచం జరుపుతూ ఈయనే దాని ఫ్రేము కింది బద్ద విరగ్గొట్టాడు. పక్క బద్దల్లో ఒకదానికి చీలిక కూడా వచ్చింది. అక్క దాన్ని పురికొసతో కట్టుకుని ఆ అద్దంలోనే తల దువ్వుకునేది. "చేయిస్తాలే అక్కా" అనేవాడు. "నువ్వు చేయించేలోపు నా జుట్టు నెరుస్తుంది" అనేది. అన్నట్టే నెరిసింది.

"ఇలా పురికొసతో ఎలా ఇస్తానే? ఫ్రేము కొత్తది వేసి ఇస్తా" అన్నాడు.

పేటలో వడ్రంగులు ఇద్దరు. ఒకాయన ఇంత చిన్న పని ముట్టనన్నాడు. ఇంకొకాయన ఇవాళ, రేపు అంటూ నెల తిప్పాడు. చివరికి ఎవరో చెబితే, బస్టాపు వెనక పాత అచ్చాఫీసు షెడ్డులో నడుస్తున్న చెక్కపని కార్ఖానాకు వెళ్ళాడు. అది అందరిదీనట. యంత్రాలూ పనిముట్లూ అక్కడుంటాయి, ఎవరి పని వాళ్ళు వచ్చి చేసుకుంటారు. నడిపేది నలభై దాటిన ఒక ఆడమనిషి. అందరూ మేస్త్రమ్మ అంటారు. చేతిలో పెన్సిలు లేకపోతే చెవి వెనక ఉంటుంది, చెవి వెనక లేకపోతే దానికోసం ఎవరినో తిడుతూ ఉంటుంది.

"ఫ్రేము చేసిపెట్టాలమ్మా" అన్నాడు గార్డు.

"ఇక్కడ చేసిపెట్టరు బాబాయ్. చేసుకుంటారు. నేర్పుతాను, చేసుకోండి."

"ఈ వయసులోనా?"

"మిమ్మల్ని వయసడిగానా? వేళ్ళు పదీ ఉన్నాయా లేదా చెప్పండి."

పదీ ఉన్నాయని చూపించాడు. "వెళ్ళేటప్పుడు కూడా పదీ ఉండాలి. అదొక్కటే నా షరతు" అందామె.

ఫ్రేముకు కావలసింది రెండు పనులు. అద్దం కూర్చోడానికి బద్ద వెనక ఒక గాడి, ముందు అంచు చేతికి గుచ్చుకోకుండా గుండ్రంగా చెక్కడం. రెండూ రౌటరు బల్ల మీదే. చూడటానికి అది మామూలు బల్ల. మధ్యలో చిన్న కన్నం. ఆ కన్నంలోంచి బిట్టు అనే బొటనవేలంత కత్తి పైకి తొంగిచూస్తూ ఉంటుంది. మోటారు బల్ల కింద ఉంటుంది కాబట్టి కనిపించదు. మీట నొక్కగానే ఆ బిట్టు నిమిషానికి ఇరవై వేల చుట్లు తిరుగుతుంది. అంత వేగంలో అది తిరుగుతున్నట్టే ఉండదు, నిలబడి ఉన్నట్టుంటుంది. "అదే దాని టక్కు" అంది మేస్త్రమ్మ. "రంపం పళ్ళు చూపించి భయపెడుతుంది. ఇది నంగనాచిలా ఉంటుంది."

ఆమె గోడవైపు చూపించింది. రేకు గోడలో, మనిషి ఛాతీ ఎత్తున, జానెడు చెక్కముక్క ఒకటి గుచ్చుకుని ఉంది.

"నా చేతిలోంచి పోయింది అది. ఆరేళ్ళ కిందట. ఎడమవైపు నుంచి తోశాను. ఎప్పుడూ కుడి నుంచి ఎడమకే తోయాలి బాబాయ్. బిట్టు చెక్కకు ఎదురు తిరగాలి. అప్పుడది ఆపుతూ కోస్తుంది, మనం నెడుతూ ఉంటాం, లెక్క సరిపోతుంది. అటునుంచి తోశామో, బిట్టు చెక్కను లాక్కుపోతుంది. చెక్క మీదున్న చెయ్యి ఏమవుతుందో మీరే ఊహించుకోండి. ఆ రోజు ఆ గోడ ముందు ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది."

అలా వారం రోజులు చెప్పింది. బిట్టు మార్చేముందు ప్లగ్గు పీకాలి; మీట ఆపితే చాలదు. బిట్టును లోపలికంటా దించి, వెంట్రుకవాసి పైకి లాగి బిగించాలి. లోతు ఒక్కసారే కోయకూడదు, మూడు విడతల్లో కోయాలి. వెనక నిలబెట్టిన అడ్డపలకకూ బిట్టుకూ మధ్య చెక్కను ఇరికించకూడదు. పొట్టి ముక్కను చేత్తో పట్టుకుని కోయకూడదు. పొడవు బద్ద మీద గాడి తీసి, తర్వాతే ముక్క కోసుకోవాలి. చేతులతో కాదు, పిడి ఉన్న తోపుడు చెక్కలతో నెట్టాలి. చెక్క ఎగరకుండా దువ్వెన పళ్ళలాంటి చెక్క ఒకటి పక్కన బిగించాలి. చేతితొడుగులు వద్దు, పొడుగు చేతుల చొక్కా వద్దు. యంత్రం ముందున్న మనిషిని పలకరించకూడదు, భుజం తట్టకూడదు, కొంప మునిగినా సరే.

"ఆఖరిది, అన్నిటికంటే ముఖ్యం" అంది. "ఒంటరిగా ఉన్నప్పుడు ఈ బల్ల ముట్టుకోకూడదు. గదిలో రెండో మనిషి ఉండాలి. గోడ దగ్గర ఎర్ర బటన్ ఉంది చూశారా, ఏమైనా అయితే రెండో మనిషి అది కొట్టాలి. ఇంకేం చేయక్కర్లేదు."

గార్డుకు ఈ చివరి నియమం వినగానే ప్రాణం లేచివచ్చింది. రెండో మనిషిగా ఉండటం! ఆయన జీవితమంతా చేసిన పని అదే కదా. ముందు ఎవరో నడుపుతుంటే వెనక కూర్చుని చూడటం, అవసరమైతే ఆపటం.

మర్నాటి నుంచి ఆయన తన ఫ్రేము పక్కనపెట్టి అందరికీ రెండో మనిషి అయిపోయాడు. పళ్ళ డాక్టరు ఒకాయన ఆదివారాలు బొమ్మలబండ్లు చేసేవాడు. "నా చేతులే నా అన్నం బాబాయ్, మీరు కూర్చుంటే గానీ మీట నొక్కను" అనేవాడు. నర్సు ఒకామె వాళ్ళమ్మకు పీటలూ అరలూ చేసేది. ఫోన్ చేసి "బాబాయ్, నాలుగింటికి వస్తున్నా, ఉంటారా?" అనేది. ఉండక ఎక్కడికి పోతాడు? మూడున్నరకే వెళ్ళి, గోడపక్క స్టూలు మీద ఎర్ర బటనుకు చేతి దూరంలో కూర్చునేవాడు. వాళ్ళ చేతుల వంక రెప్ప వేయకుండా చూసేవాడు. పని అయిపోగానే వాళ్ళు చెవితొడుగులు తీసి, పొట్టు ఊడ్చి, "థాంక్స్ బాబాయ్" అని వెళ్ళిపోయేవారు. పని జరుగుతున్నంతసేపూ మాట్లాడకూడదు. పని అయ్యాక మాట్లాడేంత తీరిక వాళ్ళకు లేదు. అలా వారానికి ఐదు రోజులు మనుషుల మధ్యే గడిపినా, ఇంటికి వచ్చేసరికి ఆ రోజు తాను పలికిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టుకునేలా ఉండేవి.

మేస్త్రమ్మ అది గమనించకపోలేదు. "అందరికీ కూర్చుంటారు, మీ ఫ్రేమెప్పుడు బాబాయ్?" అని దెప్పింది. అప్పుడే మేనకోడలు కూడా ఫోన్ చేసింది. ఈ శనివారం పొద్దున వస్తుందట, మధ్యాహ్నం బండికే పోవాలట. ఇక తప్పక మొదలుపెట్టాడు. మేస్త్రమ్మ పక్కన ఉండగా మూడు రోజుల్లో నాలుగు బద్దలకూ గాడి తీశాడు, అంచులు గుండ్రం చేశాడు. బాగానే వచ్చాయి.

శుక్రవారం పొద్దున, చేతిరంపంతో మూలలు ఏటవాలుగా కోస్తూ, కింది బద్దకు వాలు తిరగేసి కోసేశాడు. కోశాక పక్కనపెట్టి చూస్తే మూల కలవడానికి బదులు మొహం తిప్పుకున్న వియ్యంకుల్లా చెరోవైపుకు చూస్తున్నాయి. పదకొండేళ్ళ కిందట విరగ్గొట్టిందీ కింది బద్దే, ఇవాళ పాడుచేసిందీ అదే. తనకూ దానికీ ఏదో జన్మవైరం ఉంది.

కొత్త బద్ద తీయాలి. అంటే రౌటరు బల్ల. గమ్ము ఆరడానికి రాత్రంతా కావాలి, కాబట్టి సాయంత్రంలోపే అయిపోవాలి. మేస్త్రమ్మ వాళ్ళమ్మకు కంటి ఆపరేషనని ఆసుపత్రికి వెళ్ళింది. తాళంచెవి ఆయనకే ఇచ్చింది. షెడ్డులో ఇంకెవరూ లేరు.

పళ్ళ డాక్టరుకు ఫోన్ చేశాడు.

"అయ్యో బాబాయ్, ఒకాయన నోట్లో నా చెయ్యుంది. ఆదివారం కలుద్దామా?"

నర్సుకు చేశాడు. "డ్యూటీలో ఉన్నా బాబాయ్. ఎనిమిదికి దిగుతా. పర్లేదా?"

"పర్లేదమ్మా, నేను చూసుకుంటాలే" అన్నాడు. చూసుకునేదేమీ లేదని ఆయనకు తెలుసు. ఇంకో ఇద్దరికి చేశాడు. ఒకరు ఎత్తలేదు. ఒకరు ఊళ్ళో లేరు. ఎవరి మీదా కోపం రాలేదు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు, ఎవరి బతుకు వాళ్ళది. కానీ ఫోన్ జేబులో పెట్టుకున్నాక ఆ షెడ్డు ఉన్నదానికంటే రెండింతలు పెద్దదైనట్టు అనిపించింది. బల్ల ముందు నిలబడ్డాడు. ప్లగ్గు పెట్టాడు. వేలు మీట దాకా పోయింది. ఎవరు చూడొచ్చారు? పది నిమిషాల పని.

ప్లగ్గు పీకేసి బయటికి నడిచాడు.

ముందు పక్క కొట్టువాణ్ణి అడిగాడు. "గిరాకీ వదిలి రాలేను పెద్దాయనా" అన్నాడతను. స్కూటరు మీద పొట్లాలు తెచ్చే అతను వినకముందే తల అడ్డంగా ఊపాడు. బస్టాపులో ఒక్కావిడ కూర్చుని ఉంది. అరవై దాటినావిడ. ఒళ్ళో సంచి, సంచి మీద గొడుగు. వెళ్ళిపోతున్న బస్సు వెనకభాగం వంక శత్రువును చూసినట్టు చూస్తోంది.

"అమ్మా, ఒక్కమాట. మళ్ళీ బస్సు ఎప్పుడు?"

"ఇంకో గంటకు. చెయ్యి ఊపుతున్నా చూసి కూడా ఆపలేదు, దుర్మార్గుడు."

"అయితే ఓ అరగంట నాకు సాయం చేస్తారా? ఆ షెడ్డులో చెక్కపని చేసుకోవాలి. గదిలో రెండో మనిషి ఉండాలని నియమం. మీరు వచ్చి కూర్చుంటే చాలు."

ఆవిడ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "కూర్చుని ఏం చేయాలి?"

"ఏమీ వద్దు. నాకేమైనా అయితే ఎర్ర బటన్ కొట్టాలి."

"మీకేమవుతుంది?"

"ఏమీ కాదు."

"ఏమీ కానిదానికి నేనెందుకు?"

ముప్పయ్యొక్క ఏళ్ళు రైలు వెనక కూర్చున్నవాడికి ఆ ప్రశ్న ఎప్పుడూ ఎదురుకాలేదు. మొహం చిన్నబుచ్చుకుని "సరేనమ్మా, ఏమీ అనుకోకండి" అని వెనుదిరిగాడు.

"ఆగండాగండి. రానన్నానా? అడిగాను అంతే. అక్కడ ఫ్యానుందా?"

"ఉంది."

"పదండి మరి."

ఆవిడ నోరు ఊరుకునే రకం కాదు. షెడ్డులోకి అడుగుపెడుతూనే "ఇదంతా ఎవరు ఊడుస్తారు?" అంది. గార్డు ఆవిడకు కళ్ళద్దాలిచ్చాడు, చెవితొడుగులిచ్చాడు, చెక్క ఎగిరినా తగలని పక్కకు స్టూలు జరిపి కూర్చోబెట్టాడు, ఎర్ర బటన్ చూపించాడు. ఒకసారి కొట్టించి కూడా చూశాడు. "యంత్రం నడుస్తున్నప్పుడు నాతో మాట్లాడకూడదు" అన్నాడు.

"ఒక్కమాట కూడానా?"

"ఒక్కమాట కూడా."

"మా ఇంట్లో నేనిలా ఉంటే డాక్టరును పిలుస్తారు" అని నోటిమీద వేలు వేసుకుంది.

ఆయన చెవితొడుగులు పెట్టుకోబోతుంటే మాత్రం ఆవిడ అంది. "జాగ్రత్త అన్నయ్యగారూ."

మామూలుగానే అంది. వీధి దాటేవాణ్ణి ఎవరైనా అన్నట్టే. గార్డు తల ఊపి మీట నొక్కాడు. గాడి మొదటి విడత తీశాడు. బిట్టు కాస్త పైకెత్తి రెండో విడత, మళ్ళీ ఎత్తి మూడో విడత. చెక్క కుడి నుంచి ఎడమకు నున్నగా జారింది. పొట్టు వాసన వచ్చింది. ఆపి, ప్లగ్గు పీకి, గుండ్రంగా చెక్కే బిట్టు బిగించాడు. అంతా నేర్పినట్టే చేశాడు. కానీ ఆ మాట చెవిలోనే ఉండిపోయింది. ఆలోచించి చూస్తే, అక్క పోయాక ఈ పది నెలల్లో ఆయనకు జాగ్రత్తలు చెప్పినవాళ్ళు చాలామందే ఉన్నారు. మేస్త్రమ్మ చెప్పింది, బ్యాంకువాళ్ళు చెప్పారు, ఆసుపత్రిలో మాత్రలిచ్చే అమ్మాయి చెప్పింది. జాగ్రత్త అని ఒక్కరూ చెప్పలేదు. డ్యూటీకి బయల్దేరిన ప్రతిసారీ, వానైనా ఎండైనా, గుమ్మంలో నిలబడి ఆ మాట అనే మనిషి ఒకతే ఉండేది. ఆయన ఏనాడూ వెనక్కి తిరిగి ఊఁ అని కూడా అనలేదు.

"మళ్ళీ మొదలుపెడుతున్నారా? జాగ్రత్త" అంది ఆవిడ, సంచిలో ఏదో వెతుక్కుంటూ.

మీట నొక్కాడు. బద్ద అడ్డపలకకు ఆనించాడు. తోపుడు చెక్కలు రెండు చేతులా పట్టుకుని నెట్టడం మొదలుపెట్టాడు. సగం పోయింది. అంతలో బల్ల అంచు రెండుగా కనిపించింది. తర్వాత కళ్ళద్దాల వెనక అంతా నీళ్ళయిపోయింది. తుడుచుకోవాలంటే చెయ్యి వదలాలి. వదలకూడదు. బిట్టు ఎక్కడుందో తెలియడం లేదు, దాని అరుపు మాత్రం వినిపిస్తోంది. ఆయన నెడుతూనే ఉన్నాడు.

ఉన్నట్టుండి అరుపు సన్నబడి, మూలిగి, ఆగిపోయింది.

తిరిగి చూస్తే ఆవిడ గోడ దగ్గర నిలబడి ఉంది. అరచెయ్యి ఇంకా ఎర్ర బటను మీదే ఉంది.

"ఏమైందమ్మా? చెక్క బాగానే పోతోందిగా!"

"చెక్క బాగానే పోతోంది. మీరే బాగాలేరు."

"కంట్లో పొట్టు పడింది."

"అద్దాలుండగా పొట్టెలా పడుతుంది? నేనేమైనా చంటిపిల్లనా? ఏడిస్తే ఏడవండి, ఎవరొద్దన్నారు? దాన్ని ఆపి ఏడవండి. కళ్ళు కనబడకుండా కత్తి ముందు నిలబడతారా ఎవరైనా?"

గార్డు కళ్ళద్దాలు తీశాడు. ప్లగ్గు పీకడం మాత్రం మరిచిపోలేదు. తర్వాత చెక్కల కట్ట మీద కూర్చుని, చుట్టాల ముందు రానిదంతా, పేరు కూడా తెలియని ఒక మనిషి ముందు ఏడ్చాడు. ఆవిడ ఊరుకోమనలేదు. సంచిలోంచి నీళ్ళ సీసా తీసి పక్కన పెట్టి, స్టూలు మీద కూర్చుని, ఫ్యాను వంక చూస్తూ ఉండిపోయింది.

కాసేపటికి ఆయనే చెప్పాడు. అక్క సంగతి, అద్దం సంగతి, పురికొస సంగతి.

"ఒక్క అక్కేనా?"

"ఒక్కతే."

"మా ఇంట్లో పదకొండుమందిమి" అంది ఆవిడ. "పొద్దున లేస్తే అది ఇవ్వు, ఇది తే, వాణ్ణి ఎత్తుకో. కూర్చో అన్నవాళ్ళు లేరు. మీరొకరే పిలిచి మరీ కూర్చోబెట్టారు." అని గడియారం చూసుకుంది. "ఇంకా ఇరవై నిమిషాలుంది. కానివ్వండి. ఈసారి ఏడుపొస్తే ముందే చెప్పండి."

కళ్ళు కడుక్కుని వచ్చి మిగతా సగం పూర్తిచేశాడు. బిట్టు ఆగినచోట చెక్క కాలి, గోరంత నల్లమచ్చ పడింది. గరుకు కాగితంతో రుద్దితే చాలావరకు పోయింది, మొత్తం పోలేదు. ఆవిడ గొడుగు తీసుకుని బయల్దేరింది. బస్సు ఈసారి ఆగింది. ఆవిడ ఎక్కి, డ్రైవరుతో ఏదో పోట్లాడుతూనే లోపలికి పోయింది. పేరు అడగాలన్న సంగతి బస్సు మలుపు తిరిగాక గుర్తొచ్చింది.

శనివారం మేనకోడలు వచ్చింది. అద్దం ముందు నిలబడి ఫ్రేమంతా వేలితో తడిమింది. ఇంకోసారి తడిమింది. కింది బద్ద దగ్గర ఆగింది.

"ఇదేంటి మామయ్యా, మచ్చ?"

"అక్కడ ఆపాల్సి వచ్చింది."

"ఒక్కడివే చేశావా ఇదంతా?"

"లేదు, ఒకావిడ కూర్చుంది."

"ఎవరావిడ?"

"తెలీదు. బస్టాపులో ఉంటే పిలుచుకొచ్చా."

మేనకోడలు కళ్ళు పెద్దవి చేసి, తర్వాత పకపకా నవ్వింది. "అమ్మ ఉంటే ఇవాళ నీ పని అయిపోయేది!" అంది. ఆయనా నవ్వాడు. నవ్వు ఆగాక ఇద్దరూ కాసేపు అద్దంలో ఒకరినొకరు చూసుకున్నారు. మధ్యాహ్నానికి దుప్పట్లు చుట్టి అద్దాన్ని బండెక్కించారు.

సోమవారం పొద్దున్నే మేస్త్రమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె పెన్సిలు చెవి వెనక పెట్టుకుంది.

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేదా బాబాయ్?"

"తెలిసేది కాదు."

"మరెందుకు చెప్పారు?"

"రైలు దారిలో ఆగితే ఎందుకాగిందో గార్డు రాయాలమ్మా. అలవాటు."

"యంత్రం సంగతి తెలియని మనిషిని, నా షెడ్డులోకి, నేను లేనప్పుడు తెచ్చారు. ఆవిడకు కాళ్ళూచేతులూ ఆడక బటన్ కొట్టకపోతే? ఆవిడకే ఏదైనా తగిలితే?" గొంతు పెంచలేదు. అందుకే ఎక్కువ తగిలింది. "ఇంకెవరైనా అయితే మళ్ళీ రావద్దనేదాన్ని. మీరు నెల రోజులు రాకండి."

ఆయన తాళంచెవి బల్లమీద పెట్టి వచ్చేశాడు. ఆమె అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే కష్టంగా ఉంది.

ఆ నెల చాలా పొడుగు. అద్దం లేక గడ్డం తడుముకుంటూ గీసుకునేవాడు. ఆదివారం మేనకోడలు ఫోన్ చేసి, అద్దం మరీ ఎత్తులో బిగించారనీ తన కూతురికి అందడం లేదనీ చెప్పింది. నాలుగు నిమిషాలు మాట్లాడింది. ఆ గొడుగావిడ కనిపిస్తుందేమోనని రెండుమూడుసార్లు ఆ శుక్రవారం వేళకే బస్టాపుకు వెళ్ళి నిలబడ్డాడు. గొడుగులు చాలా వచ్చాయి. ఒకరోజు ఆ బస్సే ఎక్కి, పాత అలవాటు చొప్పున ఆఖరి సీట్లో కూర్చుని, చివరిదాకా పోయాడు. దారిలో ఎక్కినవాళ్ళను, దిగినవాళ్ళను చూశాడు. ఇళ్ళు పలచబడ్డాయి, మనుషులు దిగిపోయారు.

"ఆఖరి స్టాపు, దిగాలి" అన్నాడు డ్రైవరు. "ఎవరింటికి పెద్దాయనా?"

"ఎవరింటికీ కాదు. మళ్ళీ వెనక్కెప్పుడు?"

"పావుగంటలో."

ఆ పావుగంట నీళ్ళట్యాంకు మెట్ల మీద కూర్చున్నాడు. ఒక ఇంట్లోంచి పిల్లల గోల, గిన్నెల చప్పుడు, ఎవరో ఎవరినో కేకలేయడం వినిపించాయి. పదకొండుమంది ఉన్న ఇల్లు అయ్యుంటుందేమో అనిపించింది. తలుపు తట్టలేదు. తట్టి ఎవరి కోసమని అడగాలి? అదే బస్సులో తిరిగి వచ్చేశాడు.

నెల తిరిగిన మర్నాడు షెడ్డుకు వెళ్ళాడు. మేస్త్రమ్మ ఆయన్ని బల్ల ముందు నిలబెట్టి కొత్తవాణ్ణి అడిగినట్టు మొదటినుంచీ ప్రశ్నలు అడిగింది. ఎటునుంచి తోయాలి, ఎన్ని విడతలు, ప్లగ్గు ఎప్పుడు పీకాలి. అన్నీ చెప్పాడు. "ఏడుపొస్తే?" అని ఆమె చివర్లో అడిగింది.

"ఆపి ఏడవాలి."

"ఊఁ" అని ఆమె పనిలో పడిపోయింది.

నర్సు బద్దలు పట్టుకుని నిలబడి ఉంది. "హమ్మయ్య, వచ్చారా బాబాయ్! నెలనుంచి నా అరలు అలాగే ఉన్నాయి. కూర్చుంటారా?"

"కూర్చుంటా" అన్నాడు. స్టూలు దాకా వెళ్ళి ఆగాడు. ఇది అడగడానికి ఆయనకు కొంచెం కష్టమే అయింది. "నీ పని అయ్యాక నువ్వు నాకు కూర్చోవాలి."

నర్సు ఆశ్చర్యంగా చూసింది. ఇన్నాళ్ళలో ఆయన ఎవరినీ ఆ మాట అడిగినట్టు ఆమెకు గుర్తులేదు.

"కూర్చుంటాను. ఏం చేస్తున్నారు?"

"ఇంకా అనుకోలేదు."

"ఎంతసేపు పడుతుంది?"

"అదీ తెలీదమ్మా."

ఆమె గడియారం చూసుకుని, "ఆరింటిదాకా ఉంటాలెండి" అంది.

ఆమె అరలు ఐదింటికల్లా అయిపోయాయి. పొట్టు ఊడ్చి, చెవితొడుగులు ఆయనకిచ్చి, స్టూలు మీద కూర్చుంది. గార్డు చెక్కల గుట్ట దగ్గరికి వెళ్ళాడు. ఒక్కో పలకా తీసి, వెలుతురుకు తిప్పి చూసి, మళ్ళీ పెట్టాడు. ఏం చేయాలో ఆయనకు నిజంగానే తోచడం లేదు. వెనక నర్సు కాళ్ళు ఊపుకుంటూ కూర్చుంది. తొందరపెట్టలేదు.